మూడు విసుర్లు

"కాలర్ ఇడువు భాయ్. అంగీ చినిగితె ఇంకోటి దొరుకుతది. మల్ల నాలెక్క తమ్ముడు దొరకడు నీకు."

మున్నా గొంతు పెంచలేదు. అదే అబ్రార్‌కు ఇంకా మండింది. తమ్ముడి మెడ దగ్గర బట్ట పిడికిట్లో ఇంకాస్త బిగించాడు. వెల్డింగ్ షాపు నేల మీద సగం అతికిన ఇనుప గేటు అడ్డంగా పడి ఉంది. దాని మీదే ఇద్దరూ నిలబడ్డారు.

"ఆ స్కాను సంగతి నీకు, నాకు, జనగామ డాక్టరుకు తప్ప ఎవనికన్న ఎరుకనా? నువ్వే గద బండి మీద తీస్కపోయినవ్. చెప్పు, ఎందుకు పంపినవ్?"

"నేను పంపలే."

"ఖసమ్ తిను. ఒట్టు పెట్టు."

"తినను. నీ కోసం ఖసమ్‌లు తినుడు ఎన్నడో బంద్ జేసిన."

పొద్దున ఏడు గంటలకు హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది. బేస్‌బాల్ టీమ్ మేనేజర్ హర్షవర్ధన్. ఆదివారం విమానం ఎక్కాల్సిన జట్టులోంచి అబ్రార్ పేరు తీసేశామని నాలుగు ముక్కల్లో చెప్పాడు. "భుజం తెగిన సంగతి దాచిపెట్టి సంతకం చేసినవ్. నీ స్కాను రిపోర్టు రాత్రే నా ఫోనుకొచ్చింది. నిన్ను ఎడారికి తీసుకపోయి నేనేం జేసుకోవాలె?" అన్నాడు. ఎవరు పంపారని అడిగేలోపే పెట్టేశాడు.

గల్ఫ్‌లో నాలుగు నెలల లీగు అది. ముప్పై అయిదేళ్ల ఔట్‌ఫీల్డర్‌ను పిలిచే లీగు ఇంకోటి లేదు. ఆ సంగతి మానుకోటలో అబ్రార్ ఒక్కడికే తెలుసు, ఎందుకంటే ఔట్‌ఫీల్డర్ అంటే ఏమిటో ఆ ఊళ్లో తెలిసినవాడు కూడా అతనొక్కడే.

"నువ్వు గాకపోతె ఎవరు మరి?"

"నేను పంపలేగని, చెప్దామని రెండుసార్లు ఫోన్ చేతిల పట్టుకున్న. గుండె చాలలే." మున్నా అన్న పిడికిలిని వేలు వేలుగా విప్పాడు. "ఎవరికో చాలింది. వాళ్లకు సలాం."

అబ్రార్ చెయ్యి లేచింది. కుడి చెయ్యి. ఛాతీ దాటి లేవగానే భుజంలో సూది దిగినట్లయి అక్కడే ఆగిపోయింది. మున్నా ఆ చేతినే చూశాడు.

"కొట్టు. లేస్తె కొట్టు."

కుర్చీలో కూర్చున్న తండ్రి బాబామియా కర్రతో గేటును టంగుమని కొట్టాడు. "బస్! దుకాణం ముంగట తమాషా పెట్టిండ్రు. అరే అబ్రార్, ఇరవై ఏండ్ల సంది ఆడుతున్నవ్. ఏం ఆడుతడు నీ కొడుకు అని మసీదు కాడ అడిగితె నాకిప్పటికి చెప్పరాదు. క్రికెట్ అని చెప్తున్న. ఇజ్జత్ కోసం అబద్ధం చెప్తున్న, ఎరికేనా?"

"క్రికెట్ గాదు అబ్బా. ఎన్నిసార్లు చెప్పాలె?"

"నా నిఖా నాడు యాడున్నవ్?" మున్నా మధ్యలో అందుకున్నాడు. అప్పటిదాకా లేని వేడి ఇప్పుడొచ్చింది అతని గొంతులోకి. "కొలంబోల ఉన్నవ్. పెద్ద మ్యాచ్ అన్నవ్. పందిట్ల అందరు అడుగుతుంటె అబ్బా తల దించుకున్నడు. ఆ మ్యాచ్‌ల ఎన్ని బంతులు పట్టినవ్?"

అబ్రార్ గేటు మీద నుంచి దిగాడు.

"చెప్పు. నేను ఎన్నడు అడగలే. ఇయ్యాల అడుగుతున్న."

చివరి ఇన్నింగ్స్‌కు దింపారు. ఒక్క బంతీ అతని వైపు రాలేదు. మ్యాచ్ అయ్యాక ఎవరో చెయ్యి కలిపి, పేరు అడిగారు. ఇదంతా తమ్ముడికి ఏ నోటితో చెబుతాడు?

జనగామ బడిలో రాజలింగం సారు సాఫ్ట్‌బాల్ నేర్పినప్పుడు మొదలైంది. తర్వాత రాష్ట్రం జట్టు. నాసిక్‌లో ఒక కంపెనీ జట్టు. పంజాబ్‌లో రెండేళ్లు. కేరళ, నేపాల్, శ్రీలంక. తొమ్మిది జెర్సీలు, తొమ్మిది నంబర్లు. ఏ జట్టుకూ మొదటి పిలుపు అతను కాదు. ఎవడికో కాలు బెణికితేనో, ఎవడో పెళ్లికి పోతేనో అబ్రార్ ఫోను మోగేది. మోగిన గంటలో సంచి భుజాన వేసుకుని రైల్వే స్టేషన్లో ఉండేవాడు. మైదానం చివర, గీత దగ్గర, ఎండలో నిలబడేవాడు. అక్కడి నుంచి హోమ్ బేస్ దాకా, బ్యాటు పట్టినవాడు నిలబడే చోటు దాకా, బంతిని ఒక్క విసురుతో చేర్చేవాడు. అదొక్కటే అతని పని. దాన్ని అతనంత బాగా చేసేవాళ్లు దేశంలో పది మంది ఉంటారేమో. ఆ పదిమందిలోనూ అతను తొమ్మిదో వాడో, పదో వాడో.

తల్లి చోటీ బీ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలి నుంచి వచ్చింది. "చిన్నోన్ని ఎందుకు పట్టుకున్నవ్ రా? వాడు కాయిదం సూడనే లేదు. నీ సంచి పోయిన వారమంత భూపాలపల్లిల కోడలి కాడనే ఉండె గదా..."

అన్నాక నాలుక కరుచుకుంది.

మున్నా వంగి వెల్డింగ్ కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఆ నల్లటి అద్దాల వెనక తమ్ముడు ఎటు చూస్తున్నాడో అబ్రార్‌కు తెలియలేదు.

"భాయ్" అన్నాడు మున్నా చివరికి. "బస్సు తొమ్మిదింటికి ఉన్నది."

*

నర్సంపేట మీదుగా భూపాలపల్లి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. దారి పొడుగునా అబ్రార్ ఒకే మాటను తిప్పి తిప్పి నోట్లో పెట్టుకున్నాడు. తలుపు కొట్టేసరికి ఆ మాట కాస్తా మరిచిపోయాడు.

భార్య నజియా అప్పుడే దవాఖాన నుంచి వచ్చినట్లుంది. నర్సు కోటు బకెట్లో నానబెట్టి, అన్నం గిన్నె ముందు కూర్చుంది. లేవలేదు.

"చెప్పులు బైట ఇడువు. బొగ్గు దుమ్ము."

"నువ్వే పంపినవా?"

"నేనే పంపిన."

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అనుకోలేదు. దేనికోసం పిడికిలి బిగించి వచ్చాడో అది చేతిలోంచి జారిపోయినట్లయింది. పైగా ఆమె నువ్వు అంటోంది. పదిహేనేళ్ల కాపురంలో మీరు తప్ప ఇంకో మాట ఆమె నోట వినలేదు.

"ఎందుకు?"

"నువ్వు నాకు చెప్పలే. వాళ్లకు చెప్పలే. ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి చెప్పాలె గదా." ముద్ద కలుపుతూనే ఉంది. "భుజం నరం ముప్పావు తెగింది. పావు మీద ఏలాడుతున్నది. ఆ రిపోర్టు చదువుడు రానోళ్ల దగ్గర దాచితె సరే. రోజు గవే కాయిదాలు చదివే దాని ఇంట్ల దాచినవ్."

"నొప్పి నాది. నేను ఓర్చుకుంట."

"ఓర్చుకో. ఆ పావు గూడ తెగినంక నీకు అంగీ తొడిగేదెవరు? దువ్వెన పట్టిచ్చేదెవరు? గల్ఫోళ్లు వస్తరా?"

"నాలుగు నెలలు నజియా. నాలుగే నెలలు. అయినంక ఆపరేషన్ చేయించుకుందునే. ఆఖరుది అని చెప్పిన గదా!"

"నేపాల్ ఆఖరుదన్నవ్. దాని ముందట కేరళ ఆఖరుదన్నవ్." ఆమె మొదటిసారి తలెత్తింది. "అల్ఫియా పుట్టిన నాడు నువ్వు పంజాబ్‌ల ఉన్నవ్. జనగామ దవాఖానల నేనొక్కదాన్నే సంతకం పెట్టుకున్న. అప్పుడు గూడ అదే మాట. ఇదొక్కటి ఆడొస్త అన్నవ్."

"నా బతుకు తీసినవ్."

"ఔ. తీసిన."

గిన్నెలో నీళ్లు పోసి లేచింది. అబ్రార్ దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఫోన్ చెయ్. ఇప్పుడే. ఆ రిపోర్టు నాది గాదని చెప్పు. పేరు తప్పు పడ్డదని చెప్పు. నర్సువి, నీ మాట నమ్ముతరు."

"అబద్ధం నాకు చెప్పరాదు. నీకొస్తది, నువ్వే చెప్పుకో."

"నజియా!"

"అరువకు. పక్కింట్ల నైట్ డ్యూటీ చేసినోళ్లు పండుకున్నరు."

ఆమె గొంతు పేషెంటుతో మాట్లాడినట్లుంది. సెలైన్ పెట్టేముందు చెయ్యి కదపకు అన్నట్లు. అది అబ్రార్‌కు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

"రాజలింగం సారు నీకోసం ఎంతమంది కాళ్లు పట్టుకున్నడో ఎరికేనా?" అంది ఆమె. "ఈడి ఆటల హాస్టల్ల కోచ్ కొలువు. శుక్రవారం పోయి చేరకపోతె ఇంకొకరికి పోతది. రెండు వారాల సంది చెప్తున్న. చెవుల వేసుకోవు."

"ఆడపిల్లలకు ఈల ఊదుకుంట కూసోవాల్నా?"

"ఊదు. ఈల ఊదితె భుజం తెగదు."

తలుపు దగ్గర చప్పుడైంది. ఆ రోజు బడి ఒంటిపూటే. సంచితో అల్ఫియా నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. పదమూడేళ్ల పిల్ల, తండ్రి ఎత్తు, తండ్రి పొడవాటి చేతులు. బడి సాఫ్ట్‌బాల్ జట్టులో క్యాచర్, హోమ్ బేస్ వెనక కూర్చుని బంతి పట్టే పిల్ల.

"అమ్మీ తప్పు లేదు అబ్బూ" అంది. "సంచి నేనే తెరిచిన. నా గ్లోవు కుట్టు ఊడింది, మీది తీసుకుందామని. అడుగున కవరు దొరికింది. గది ఏందో నాకు తెల్వక అమ్మీకి ఇచ్చిన."

"నా సంచి ముట్టొద్దని చెప్పిన్నా లేదా?"

"చెప్పిండ్రు."

"ఎందుకు ముట్టినవ్ మరి? ఎవలడిగిండ్రు నిన్ను? ఇయ్యాల్టి నుంచి ఆ గ్లోవు లేదు, ఆ ఆట లేదు. ఇంట్ల కూసోని చదువుకో. నీకేం రాదు ఆ ఆటల. నాకేం వచ్చింది, నీకు రానికె?"

ఆఖరి మాట తన నోటి నుంచే వచ్చిందని అబ్రార్‌కు కాస్త ఆలస్యంగా తెలిసింది.

అల్ఫియా ఏడవలేదు. లోపలికి పోయి, తండ్రి గ్లోవు తెచ్చి, అతని కాళ్ల దగ్గర నేల మీద పెట్టింది. బల్ల మీద పెట్టొచ్చు, చేతికి ఇవ్వొచ్చు. నేల మీద పెట్టింది. మళ్లీ లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నజియా ఆ గ్లోవును చూసింది. మొగుణ్ని చూసింది. బకెట్ దగ్గర కూర్చుని కోటు పిండసాగింది.

ఆరింటికి ఫోన్ మోగింది. హర్షవర్ధన్.

"అబ్రార్, నీ జాగల తీసుకున్నోనికి పాస్‌పోర్టు దగ్గర అడ్డం పడ్డది. నాకు ఔట్‌ఫీల్డ్‌ల మనిషి లేడు. ఆ రిపోర్టు ఎంత నిజమో నాకు తెల్వదు. శుక్రవారం పొద్దున హైదరాబాద్ గ్రౌండుకు రా. కోచ్ ముందట నిలబడి గీత కాడికెళ్లి హోమ్‌కు విసురు. విసిరినవంటె ఆదివారం విమానంల ఉంటవ్. లేదంటె ఇద్దరి టైము ఖరాబు చేయకు. రేపు పొద్దున ఏడున్నరలోపు చెప్పాలె, వస్తున్నవా లేదా."

"వస్త సార్. ఇప్పుడే చెప్తున్న..."

"రేపు చెప్పు. ఒక రాత్రి ఆలోచించుకోని చెప్పు."

అబ్రార్ ఫోన్ దించాడు. మళ్లీ అంతే. ఎవడికో అడ్డం పడింది, తనకు పిలుపొచ్చింది. ఇన్నేళ్లుగా ఇట్లాగే వచ్చింది, ఇప్పుడూ వచ్చింది. ఒళ్లంతా తేలికైపోయింది. నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు.

"అంత నవ్వు వస్తున్నదా?" నజియా వెనకాలే ఉంది. అంతా విన్నది.

"వాళ్లు పిలుస్తున్నరు నజియా."

"పిలవనీ. పోతె పో. కని ఆడికి పోయి, కొత్తోళ్ల ముందట తెంపుకోవద్దు. తెంపుకుంటె ఈడనే తెంపుకో. నా ముందట. నాకు కనీసం చెయ్యి కట్టుడన్న వస్తది."

"అంటె?"

"రేపు పొద్దుగాల గ్రౌండుకు పోదాం. మూడు విసుర్లు. మూడు హోమ్ దాకా పోతె, నేనే ఆ సారుకు ఫోన్ జేసి, పంపుండ్రి అని నా నోటితోని చెప్త. మల్ల ఎన్నడు నీకు అడ్డం రాను. ఒక్కటి పోకపోయినా, పోయి కొలువుల చేరు."

ఇది పందెం కాదని అబ్రార్‌కు తెలుసు. రెండో విసురుకే చెయ్యి పడిపోతుందని ఆమె లెక్క. చదివిన కాగితం మీద ఆమెకున్న నమ్మకం అది.

"నీ మాట మీదుంటవా?"

"నేను ఎన్నడు మాట తప్పిన్నో చెప్పు" అంది.

*

గురువారం పొద్దున ఆరున్నర. గ్రౌండు పక్క రోడ్డు మీద బొగ్గు లారీలు వరసగా పోతున్నాయి. గడ్డి మీద మంచు తడి, దాని మీద సన్నటి నల్లటి దుమ్ము.

పట్టడానికి ఎవరూ లేరు. నజియా అల్ఫియాను లేపి తీసుకొచ్చింది. పిల్ల తండ్రి వైపు చూడలేదు. బడి నుంచి తెచ్చుకున్న ముఖం జాలీ తగిలించుకుంది, అమ్మీ చేతిలోంచి గ్లోవు తీసుకుంది, హోమ్ బేస్ ఉండే చోట చెప్పు పెట్టి గుర్తు చేసి మోకాళ్ల మీద కూర్చుంది. అబ్రార్ ఆ కూర్చోవడమే చూశాడు. ఎంత సరిగ్గా కూర్చుంది! ఎవరు నేర్పారు? తను కాదు. తను ఇంట్లో ఉంటే కదా.

అడుగులు లెక్కబెట్టుకుంటూ గీత దాకా నడిచాడు. అంత దూరం నుంచి తల్లీ కూతుళ్లు వేలెడంత కనిపించారు. నజియా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

మొదటిది. రెండడుగులు ఎగిరి విసిరాడు. భుజంలో నిప్పు కణిక కదిలినట్లయింది. బంతి ఒక్కసారి నేలను తాకి లేచి గ్లోవులో పడింది. టప్పున చప్పుడు ఆలస్యంగా వినిపించింది.

అల్ఫియా బంతిని తిరిగి విసిరింది.

రెండోది. ఈసారి బంతి కాస్త కుడి వైపు పోయింది. అల్ఫియా పక్కకు సాగి పట్టుకుంది, కాలు మాత్రం చెప్పు మీద నుంచి తీయలేదు. అబ్రార్ పళ్లు కొరుక్కుని, ఒంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. కళ్ల ముందు చుక్కలు. నజియా కట్టుకున్న చేతులు విప్పింది.

"చాలు!" అని అరిచింది అంత దూరం నుంచి. "చాలు, ఆపు!"

"మూడన్నవ్!"

మూడోది. ఊపిరి బిగబట్టాడు. కాలు లేచింది, నడుం తిరిగింది, చెయ్యి వెనక నుంచి కొరడాలా వచ్చింది. బంతి వేళ్లు వదిలే క్షణాన భుజం లోపల తడిగుడ్డ చిరిగిన చప్పుడు. అది అతనికే వినిపించింది, చెవితో కాదు, ఎముకతో.

బంతి మాత్రం పోయింది. నేలకు తగలకుండా, వంకర లేకుండా, మనిషి తలెత్తులో గీత గీసినట్లు పోయింది. తొమ్మిది జెర్సీల్లో ఏ జెర్సీతోనూ అలాంటి విసురు విసరలేదు. అల్ఫియా గ్లోవు ఉన్నచోటి నుంచి అంగుళం కదపలేదు. టప్.

"అబ్బూ!" పిల్ల జాలీ ఊడబీకి లేచింది. అలిగిన సంగతి మరిచిపోయింది. "అబ్బూ, చూసిండ్రా? నేను కదల్లే! కదలనే లేదు!"

అబ్రార్ నవ్వడానికి ప్రయత్నించాడు. కుడి చెయ్యి ఒంటి పక్కన వేలాడుతోంది. లేపమని చెప్పాడు దానికి. అది వినలేదు. మరోసారి చెప్పాడు.

నజియా నడిచి వస్తోంది. ముఖంలో నెత్తురు లేదు. గెలుస్తానని వచ్చి ఓడిన మనిషి నడక. నడుస్తూనే ఫోన్ చెవికి పెట్టుకుంది.

"సార్, నేను అబ్రార్ భార్యను. మీకు కాయిదం పంపింది నేనే. ఇప్పుడు నా కండ్ల ముందట మూడు విసిరిండు. మూడు పోయినయి." ఒక్క క్షణం ఆగింది. "నేను మాటిచ్చిన. నా తరఫున అడ్డం లేదు. మీరే మాట్లాడుండ్రి."

దగ్గరికి వచ్చి ఫోన్ చాపింది. అతని కుడి చేతి ముందుకే చాపింది.

అబ్రార్ ఎడమ చెయ్యి ఛాతీ మీదుగా అడ్డం తెచ్చి ఫోన్ అందుకోబోయాడు.

నజియా ఫోన్ వదల్లేదు. ఆమె చూపు ఆ ఎడమ చేతి మీద, తర్వాత వేలాడుతున్న కుడి చేతి మీద, తర్వాత చెమటతో తడిసిన అతని కణతల మీద పడింది. ఇద్దరి వేళ్ల మధ్య ఫోన్ ఉండిపోయింది. అందులోంచి హర్షవర్ధన్ గొంతు వినిపిస్తూనే ఉంది.

"అబ్రార్? మీ ఇంటామె చెప్పింది, సంతోషం. నువ్వు గూడ ఒక్క మాట చెప్పు. రేపు వస్తున్నవా?"

వెనక నుంచి అల్ఫియా పరుగెత్తుకుంటూ వస్తోంది.

"బిడ్డ ముందట అబద్ధం చెప్తవా?" నజియా పెదవులు కదిలీ కదలనట్లు అడిగింది. "చెయ్యి లేపు. లేపి, పోత అని చెప్పు. నేను ఇడిచి పెడ్త."

"హలో? అబ్రార్, లైన్ల ఉన్నవా?"

"ఉన్న సార్" అన్నాడు అబ్రార్. కుడి చెయ్యి మాత్రం లేవలేదు.